మూడో వరుసలో మొదటి మొక్క

నాలుగు గంటలకు మొక్కలన్నీ పీకి గోతిలో వేసి తగలబెడతారు. ఐదింటికి మౌనికను పోలీసులకు అప్పగిస్తారు. సత్యవాణి వల కట్టిన మొక్కల షెడ్డు ముందుకొచ్చి వాచీ చూసుకునేసరికి ఒంటిగంటా పది.

పొద్దున్న మౌనిక తండ్రి జగ్గారావు ఆమె గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నలుగురిలో గొంతెత్తి మాట్లాడే మనిషి ఆ పూట గొంతు తగ్గించి, "మా పిల్ల మొక్కల్ని సంపేసిందంతన్నారు సత్యమ్మా. రేత్రీ పగలూ ఆటినే కాసుకున్న పిల్ల, అదెందుకు సంపుద్దీ?" అన్నాడు. సత్యవాణి చెప్పులేసుకుని బయల్దేరింది. తీరా వస్తే, లోపలికి పోవడానికి కాయితం కావాలంటూ విత్తన పరిశోధన కేంద్రం గేటు దగ్గరే రెండు గంటలు తినేశారు.

షెడ్డు తలుపుకి అడ్డంగా గిరిబాబు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు రైల్వే పోలీసులో సత్యవాణి చేతికింద పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఉద్యోగం మానేసి సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టుకున్నాడు. ఈ కేంద్రం కాపలా అంతా అతనిదే.

"ఏటక్కా, రిటైరైనా కాళ్ళు నిలవవా? కేసు తేలిపోయింది. ఇంక సూడ్డానికేటుంది?"

"నీకు పని సగమే నేర్పినాను గిరీ. మిగిలిన సగం నేర్పుదామని వచ్చినాను. అడ్డు తప్పుకో."

అతను నవ్వాడుగానీ తప్పుకోలేదు. "ముందు నేను సెప్పింది విను. గత నెల ఇరవై ఏడున సాయంత్రం నాలుగు నించి ఆరు దాకా ఆ అమ్మాయి ఒక్కతే లోపలుంది. వల కోసి, తెల్లదోమకి దారి సేసి, మర్నాడు పెళ్ళికని పలాస ఎల్లిపోయింది. ఈ సోమవారం మొక్కలకి తెగులు బయటపడింది. వల్లో కన్నం నా కళ్ళతో నేను సూసినాను. ఠీక్ హై?"

"ఎప్పుడు సూసినావు?"

"ఇయాళ పొద్దున్న తొమ్మిదింటికి."

"సోమవారం నించి షెడ్డంతా వెతుకుతున్నావు కదా. గురువారం దాకా కన్నం కనబళ్ళేదా నీకు?"

గిరిబాబు తలుపు తీశాడు.

లోపల మౌనిక బల్ల పక్కన నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఈ మొక్కల మీదే పరిశోధన చేస్తోంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. ఇద్దరు గార్డులు ఆమెను కదలనివ్వడం లేదు. సత్యవాణి లోపలికి అడుగు వేయబోతే అంత బాధలోనూ గట్టిగా అరిచింది. "ఆంటీ, చేతులు! ముందు సబ్బుతో కడిగి, తర్వాత ఆ గిన్నెలో ముంచండి."

గిన్నెలో తెల్లగా పాలు. పాలపొడి కలిపిన నీళ్ళు. "మొక్కల్ని ముట్టే ముందు ప్రతివాళ్ళూ ముంచాలి. చేతికంటిన వైరస్‌ని పాలు చంపుతాయి" అంది మౌనిక. సత్యవాణి మోచేతుల దాకా ముంచుకుని లోపలికి నడిచింది.

ఆరు వరుసల టమాటా మొక్కలు. ప్రతి కొమ్మా పురికొసతో కర్రకి కట్టి ఉంది. కన్నం ఎదుటి గోడకి, భుజం ఎత్తులో, జానెడు. దాని పక్కనే పసుపు రంగు జిగురు అట్ట వేలాడుతోంది, పురుగులు వాలి అంటుకుపోవడానికి. అట్ట మీద బాల్‌పెన్నుతో తేదీ రాసి ఉంది: సోమవారం, తొమ్మిది.

సత్యవాణి అట్ట విప్పి వెలుతురుకి పట్టింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

"గిరీ, ఇలా రా. ఇది సోమవారం కట్టిన అట్ట. కన్నానికి బెత్తెడు దూరంలో ఉంది. దీని మీద ఏటుంది?"

"ఏటీ లేదు."

"ఖరగ్‌పూర్‌లో జానెడు కన్నం నాలుగు రోజులు తెరిసుంటే దోమ కూడా రాలేదంతావా? మా ఇంట్లో కిటికీ నాలుగు నిమిషాలు తెరిస్తే మంచమ్మీద నన్ను కూకోనివ్వవు."

గార్డుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. గిరిబాబు వాడి వైపు ఒక చూపు చూశాడు.

"ఈ కన్నం ఇయాళ పొద్దున్న కోసింది. నీకు ఎవరు సూపించినారు?"

అతను కన్నం వైపు చూశాడు. "డైరెక్టరు గారు."

"డాక్టర్ రాజశేఖరా?"

"ఆయన మొక్కలక్కా ఇయ్యి. ఆయన తయారు సేసిన రకం. తన మొక్కలకి తనే ఎందుకు సెడుపు సేసుకుంటాడు? ఆయన కళ్ళకి ముందు కనబడింది, అంతే."

వాచీ ఒంటిగంటా నలభై చూపిస్తోంది. సత్యవాణి మౌనిక వైపు తిరిగింది. "సదువు లేని మనిషికి సెప్పినట్టు సెప్పమ్మా. ఈ మొక్కలకి ఏటి సేసినారు, ఏటి జబ్బొచ్చింది?"

"టమాటాకి ఆకుముడత వైరస్ వస్తుంది ఆంటీ. తెల్లదోమ మోసుకొస్తుంది. వచ్చిందంటే చేను మొత్తం పోతుంది, మందు లేదు. అందుకని ఆ వైరస్ జన్యువులోంచి చిన్న ముక్క తీసి మొక్కలో పెట్టాం. ఆ ముక్క ఉంటే మొక్క ఆ వైరస్‌ని ఆనవాలు పట్టి, పెరక్క ముందే కత్తిరించేస్తుంది."

"దొంగ ఫొటో ఠాణాలో అతికించినట్టా?"

మౌనిక ఏడుపులోంచి తల ఎత్తింది. "అంతే! ఆ దొంగ వస్తే పట్టుకుంటుంది. కానీ వేరే దొంగ వస్తే దానికి తెలీదు. ఇప్పుడొచ్చింది వేరేది. చూడండి, ఆకు ముడుచుకోలేదు. లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ మచ్చలు మచ్చలుగా ఉంది. ఇది పొగాకు మొజాయిక్ వైరస్. దీన్ని తెల్లదోమ మొయ్యదు. సోమవారం నించీ ఇదే చెబుతున్నాను, నా మాట ఎవరూ వినరు."

"మరెలా వస్తుంది?"

"చేత్తో. ఎండిన పొగాకులో ఏళ్ళ తరబడి బతికుంటుంది. పొగాకు ముట్టిన చేత్తో మొక్కని గిల్లితే చాలు. పదీ పన్నెండు రోజులకి మచ్చలు కనబడతాయి. అందుకే బీడీ, ఖైనీ అలవాటున్న వాళ్ళని ఇక్కడ పనిలోకి తీసుకోరు."

సత్యవాణి వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. సోమవారం తొమ్మిదో తారీకు. అక్కణ్ణుంచి వెనక్కి పదకొండు రోజులు వెళితే ఇరవై తొమ్మిది. మౌనిక ఆ రోజు పలాసలో పెళ్ళి పందిట్లో ఉంది.

ఆమె వరుసల మధ్య నడిచింది. ఒకటి, రెండు వరుసలు ముక్క పెట్టని మామూలు మొక్కలు. వాటికి ఒక్క మచ్చ లేదు. మూడో వరుస మొదటి మొక్క దగ్గర ఆగింది. ఆకులు సన్నబడి, మెలితిరిగి, చూడటానికే అసహ్యంగా ఉంది. రెండోది కొంచెం నయం. నాలుగో వరుసలో మచ్చలు తగ్గాయి. ఆరో వరుస చివర ఎక్కడో ఒకటీ అరా.

"చేతికంటిన మురికి మొదట ముట్టుకున్నదానికే ఎక్కువ అంటుతాది. పోనుపోను తగ్గుతాది" అంది తనలో తను అనుకుంటున్నట్టు. "రెండో వరుస దాకా చెయ్యి శుభ్రంగా ఉంది. మూడో వరుసకొచ్చేసరికి పాడైంది. మధ్యలో ఏటి జరిగింది? ఇరవై తొమ్మిదిన పిలకలు గిల్లింది ఎవరు?"

"చిలకమ్మ" అంది మౌనిక. "గిల్లడం, కట్టడం ఆమె పనే. ఒకటి, రెండు వరుసలు పొద్దున్న చేస్తుంది. భోజనం అయ్యాక మిగిలినవి."

గిరిబాబు పెద్దగా నవ్వాడు. "అరవై ఏళ్ళ ముసల్ది! అక్కా, నేను మొదటి రోజే అందరి జేబులూ, సంచులూ దులిపించినాను. పొగాకు నలుసు లేదు. ఒక్క చుట్ట ముక్క దొరికింది, పంపు గది గోడ సందులో. అది ఏ లారీ డ్రైవరుదో."

"దాన్నేటి సేసినావు?"

"పారెయ్యలేదులే. నువ్వు నేర్పిన పనే." జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు.

సత్యవాణి కవరుని ముఖం దగ్గరకి తెచ్చుకుంది. బొటనవేలంత పొడుగు చుట్ట. ఒక కొస కాలి నల్లగా ఉంది. రెండో కొస కత్తిరించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"పంటి గాట్లు ఏ కొసన ఉన్నాయి గిరీ?"

అతను చూశాడు. కళ్ళు చిట్లించి మళ్ళీ చూశాడు. గాట్లు కాలిన కొసకి దగ్గరగా ఉన్నాయి. బూడిద ఉమ్మితో తడిసి, ఎండి, పెచ్చు కట్టి ఉంది.

"డ్రైవరు నిప్పు బయటికి పెట్టి కాలస్తాడు. నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేదెవరు? మీ అమ్మమ్మది టెక్కలే కదరా. అడ్డపొగ ఎప్పుడూ సూళ్ళేదా నువ్వు?"

గిరిబాబు మెడ ఎర్రబడింది. "ఎప్పటిమాట అక్కా అది. ఈ రోజుల్లో కూడా..."

"జేబులు దులిపించినావు. నోళ్ళు సూళ్ళేదు."

పంపు గది నీడలో చిలకమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. లోకో షెడ్డు ఖలాసీ పెళ్ళాం. అతను పోయి తొమ్మిదేళ్ళు. సత్యవాణి వెళ్ళి పక్కనే చతికిలబడింది. గిరిబాబు నిలబడ్డాడు.

"చిలకమ్మా, మా అమ్మది కూడా అడ్డపొగే. మాటాడినప్పుడల్లా చెయ్యి ఇలాగే మూతికి అడ్డం పెట్టుకునేది."

చిలకమ్మ చెయ్యి మూతి మీదే ఉంది. గబుక్కున దించేసింది. కాసేపటికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "పదకొండేళ్ళప్పుడు మా అత్త అలవాటు సేసిందమ్మా. మానలేపోయినాను. రోజుకొక్కటే. అన్నం తిన్నాక, ఈ గోడెనక. పని పోద్దని సెప్పలేదు."

"ముసలమ్మా, నీ మూలంగా ఆ పిల్ల జైలుకి పోతోంది!" అన్నాడు గిరిబాబు.

"నా మూలంగా ఎందుకవుద్ది బాబూ! నాలుగేళ్ళబట్టి ఇక్కడే కాలస్తన్నాను. ఒక్క మొక్కకి ఏటైనా అయిందా? సబ్బెట్టి కడుగుతాను, పాలల్లో ముంచుతాను. ఏ రోజూ మానలేదు. ఆ రోజు మజ్జానం పాలే..." అని ఆగిపోయింది.

సత్యవాణి తొందరపెట్టలేదు. వాచీ రెండూ ఇరవై. చూడకూడదనుకుంటూనే చూసింది.

"పాలేటి?"

"ఆరినాక సేతులు బిర్రబిగుసుకుపోయినాయి. ఏళ్ళు మడవబోతే పెళపెళమన్నాయి. మా మావ ఖాకీ సొక్కాలకి ముప్పై ఏళ్ళు గంజెట్టినానమ్మా. గంజేదో పాలేదో నా సేతులకి తెల్దా?"

"గిన్నెలో గంజి పోసింది ఎవరు?"

"తెల్దు. ఆ మజ్జానం గిన్నె పెద్దసారే కలిపినారు. 'నువ్వు అన్నం తిని రా చిలకమ్మా, మూడో వరస నించి మొదలెట్టు' అన్నారు."

"నీకు చుట్టలెవరు తెస్తారు?"

చిలకమ్మ చెంగు కొస వేలికి చుట్టుకుంది. "ఒకరోజు కాలస్తంటే పెద్దసారు సూసేసినారు. కాళ్ళ మీద పడ్డాను. నవ్వినారమ్మా! 'మా నాయనమ్మా ఇంతే, ఎవరికీ సెప్పనులే' అన్నారు. సంక్రాంతెల్లినాక వాళ్ళూరి నించి కట్ట తెచ్చిచ్చినారు. అంతటి సదువుకున్నాయన నా సేతిలో చుట్టల కట్ట పెట్టినారు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో భయం పోయి కాస్త వెలుగొచ్చింది. సత్యవాణికి ఆ వెలుగు చూడబుద్ధి కాలేదు.

ఇద్దరూ షెడ్డులోకి తిరిగొచ్చారు. దారిలో గిరిబాబు మెల్లగా అన్నాడు. "ముసల్దాని మాట ఒక్కటే. పదిహేను రోజుల కిందటి గంజి. కోర్టులో నిలబడదక్కా."

"తడి చేతుల్తో ఆమె ముట్టుకున్నవి ఇంకేటున్నాయి?" సత్యవాణి మౌనికను అడిగింది. "మొక్క కాకుండా."

"పురికొస" అంది మౌనిక. అనగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "గిల్లాక కట్టేది అప్పుడే. ఆ ముడులు ఇప్పటికీ విప్పలేదు. నీళ్ళు పైపుల్తో వేళ్ళకే ఇస్తాం, ముడి తడవదు. గంజి ఉంటే అయోడిన్ చుక్క వేస్తే నల్లబడుతుంది!"

గిరిబాబు గార్డుని ప్రయోగశాలకి పరిగెత్తించాడు. ఆ గార్డు తాళం చెవి దొరకలేదని వచ్చి, మళ్ళీ వెళ్ళి, సీసా తెచ్చేసరికి మూడూ ఐదు. మౌనిక సీసా మూత తీసి వంగింది. మొదటి వరుస ముడి మీద చుక్క పడింది. గోధుమరంగుగా ఇంకిపోయింది. రెండో వరుస ముడీ అంతే.

మూడో వరుస మొదటి మొక్క ముడి మీద చుక్క పడింది. చూస్తుండగానే సిరాలాగా నీలం, ఆపైన నలుపు.

గిరిబాబు ఆ ముడి మీదకి వంగి చూశాడు. తర్వాత ఫోను తీసి ఫొటో తీశాడు. ఒకటి కాదు, ఆరు.

"కానీ ఎందుకు?" అన్నాడు. "రేపు ఢిల్లీ నించి పరీక్ష సేసేవాళ్ళు వస్తారు. ఈ మొక్కల మీద తెల్లదోమ వదిలి సూస్తారు. గెలిస్తే దేశమంతా ఆయన పేరే కదా."

మౌనిక తల దించుకుంది. "ఓడిపోతాయని ఆయనకి తెలుసు."

ఇద్దరూ ఆమెకేసి తిరిగారు.

"ఇరవై ఏడు సాయంత్రం నేను ఒక్కదాన్నే ఉన్నది ఆకులు కోయడానికి. పరీక్ష చేశాను. మూడు నుంచి ఆరు వరుసల్లో ఏరిన ముప్పై మొక్కల్లో ఇరవై ఆరింట్లో మేం పెట్టిన ముక్క లేదు. ఎక్కడో తరం మారేటప్పుడు విత్తనం కలిసిపోయింది. ఆ రాత్రే సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. 'పరీక్ష తప్పు చేశావు, పెళ్ళి నుంచి వచ్చాక మళ్ళీ చెయ్యి, ఎవరితోనూ అనకు' అన్నారు. నేనే తప్పు చేశాననుకున్నాను ఆంటీ. నాకింతవరకూ అదే అనుమానం."

ఠాణాలో ఫొటో లేదు. ఆ సంగతి బయటపడకుండా ఠాణానే తగలబెడుతున్నారు. మొక్కలు మాడిపోతే మళ్ళీ పరీక్ష చెయ్యడానికి ఆకు కూడా మిగలదు.

మూడూ నలభైకి డాక్టర్ రాజశేఖర్ నలుగురు కూలీలతో వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. తెల్లటి చొక్కా, నెమ్మదైన మాట. ఆయన వెనకే, ఎవరూ పిలవకపోయినా, చిలకమ్మ.

"సత్యవాణి గారూ, మీ పని అయిందనుకుంటాను. తెగులు పాకకముందే మొక్కలు తీసెయ్యాలి. దాదా, షురూ కరో" అని కూలీలని పని మొదలెట్టమన్నాడు.

"ఒక్క నిమిషం. ఇరవై తొమ్మిదిన మధ్యాహ్నం పాలగిన్నె మీరే కలిపినారట."

"కలిపి ఉండొచ్చు. నేనూ ఇక్కడ పనివాణ్ణే."

"చిలకమ్మకి చుట్టలిచ్చింది మీరే."

ఆయన నొచ్చుకున్నట్టు నవ్వాడు. వెనక్కి తిరిగి, చాలా ప్రేమగా అడిగాడు. "చిలకమ్మా, నేనిచ్చానా నీకు?"

చిలకమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "లేదు బాబూ. నాకెవురూ ఇవ్వలేదు. నేనే కొనుక్కున్నాను."

గిరిబాబు సత్యవాణికేసి చూసి, నేను చెప్పలేదా అన్నట్టు తల ఆడించాడు.

రాజశేఖర్ అక్కడితో ఊరుకుని ఉంటే గెలిచేవాడు. కానీ ఆయన తొందరలో ఉన్నాడు. "చూశారుగా. అలవాటు దాచిపెట్టి పనిలో చేరింది. నిజమే, మౌనిక తప్పు లేదు. నేనే పొరపడ్డాను. ఆ గంజి సంగతీ ఈ ముసల్దానికే తెలియాలి. గిరిబాబు గారూ, కంప్లయింట్‌లో పేరు మార్చి చిలకమ్మ అని రాయండి. ఐదింటికి పోలీసులు ఎలాగూ వస్తున్నారు." గంజి మాట ఆయన ముందు అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

"నా పేరా బాబూ?" అంది చిలకమ్మ.

ఆయన ఆమె వైపు తిరగలేదు. కూలీలకి చెయ్యి ఊపాడు.

"బాబూ, నా పేరు రాయమన్నారా?" ఇంకోసారి అడిగింది. చీర చెంగుతో ముఖం తుడుచుకుని, సత్యవాణితో కాకుండా గిరిబాబుతో చెప్పింది. "రాసుకో నాయనా. ఆ గంజి నేనే తెచ్చినాను. 'సొక్కాకి కావాలి, మీ ఇంట్లో కాసి సిక్కగా తే' అన్నారు. ఆ పొద్దున్న అల్యూమినియం క్యానుతో తెచ్చి ఆరి సేతికిచ్చినాను. సేతులు బిర్రబిగిసినప్పుడే నాకు తెలిసింది. నోరిప్పలేదు."

"పిచ్చిది, ఏదేదో..." అన్నాడు రాజశేఖర్.

"అది మా మావ డూటీకి బువ్వ తీసుకెల్లిన క్యాను. లోకో షెడ్డులో ఆయన టోకెన్ నంబరు దాని అడుగున గుద్దించుకున్నాడు. ఎన్నిసార్లడిగినా సారు రేపిస్తానంతారు. ఆరి గదిలో బీరువా కింద అరలో ఉంది, నిన్న తుడవడానికెల్లినప్పుడు సూసినాను. గంజి అట్టకట్టుకుని అలాగే ఉంది. సారు తోమించలేదు."

కూలీ ఒకడు మూడో వరుస మొదటి మొక్క మొదలు పట్టుకుని, పీకాలో వద్దో తెలియక అందరి ముఖాలూ చూస్తున్నాడు.

రాజశేఖర్ కుడిచెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది. లోపల తాళంచెవులు గలగలమన్నాయి. ఆయన తలుపు వైపు, తన గది వైపు, పెద్ద అడుగులు వేశాడు. పరుగు కాదు, కానీ దాదాపు అంతే.

తలుపు దగ్గర గిరిబాబు ముందే నిలబడి ఉన్నాడు, మధ్యాహ్నం సత్యవాణికి అడ్డం నిలబడ్డట్టే. చెయ్యి చాపాడు. జీతం ఇచ్చే మనిషిని గిరిబాబు అంతవరకు ఎప్పుడూ "గారు" లేకుండా పిలవలేదు.

"తాళాలు ఇయ్యి, రాజశేఖర్."